గొట్టం మీద చుక్కలు

మా ఆయనలో ఉన్న లోపం ఒక్కటే. గాజు కనబడితే తుడుస్తారు. తాగుడో పేకాటో అయితే నలుగురిలో చెప్పుకుని కాస్త సానుభూతైనా సంపాదించుకోవచ్చు. అద్దాలు తుడుస్తారని చెబితే ఎవరు జాలిపడతారు? మా ఇంటికి కూడా ఒకసారి పంపించు అంటారు. ఎవరింటికైనా వెళ్తే ముందు వాళ్ళ గోడ గడియారం వంక చూస్తారు, టైము కోసం కాదు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కళ్ళజోడు మీద వేలిముద్ర ఉంటే, మాటల మధ్యలో చెయ్యి చాచి, ఆయన ముక్కు మీంచి దాన్ని తీసి, జేబులోంచి మెత్తటి గుడ్డ లాగి తుడిచి, మళ్ళీ ఆ ముక్కు మీదే పెట్టి, "ఆఁ, చెప్పండి" అంటారు. ఆ పెద్దమనిషి ఏం చెబుతున్నాడో అప్పటికి మరిచిపోయి ఉంటాడు.

వృత్తి అలాంటిది. మా ఆయనది కళ్ళజోళ్ళ షాపు. లెన్సులు బిగించేలోపు కస్టమర్లు విసుక్కోకుండా ఉంటారని ఆ మధ్య షాపులో ఒక చేపల తొట్టి పెట్టారు. వాళ్ళు విసుక్కోవడం మానేశారు. ఫ్రేములు చూడటం కూడా మానేశారు. వెంట వచ్చిన పిల్లలు తొట్టికి ముక్కులు ఆనించి నిలబడేవారు. ఒక్కో ముక్కుకీ ఒక్కో మచ్చ. మచ్చ పడ్డప్పుడల్లా ఈయన కౌంటరు వదిలి గుడ్డతో పరుగెత్తేవారు. చివరికి తొట్టిని ఇద్దరు మనుషుల చేత మోయించి మా హాల్లో, సోఫాకీ భోజనాల బల్లకీ మధ్య పెట్టించారు. ఆరోజు నుంచి మా ఇంట్లో ఆదివారం అంటే తొట్టి కడిగే రోజు. బకెట్లు, గొట్టాలు, స్పాంజీలు, తడిసిన పాత తువ్వాళ్ళు. ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళే డాక్టరులాగా చేతులు మోచేతుల దాకా కడుక్కుని రంగంలోకి దిగుతారు. పక్కన నిలబడి అందించే నర్సు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

తొట్టి కాపురం గురించి కొంచెం చెప్పాలి. అడుగున ఇసకలో నాలుగు మీసాల చేపలు పొద్దస్తమానం ఏదో ఏరుకుంటూ ఉంటాయి. వాటిని మేం మునిసిపాలిటీ అంటాం. మధ్యలో ఎరుపూ నీలమూ గీతలున్న నియాన్ చేపలు ఒక గుంపు, స్కూలు వదిలిన పిల్లల్లా అంతా ఒకేసారి ఒకే వైపుకి పరుగు. వీటన్నిటి పైన రెండు ఏంజెల్ చేపలు. కొన్నప్పుడు చొక్కా గుండీ అంత ఉండేవి, ఇప్పుడు రెక్కలతో కలిపి నా అరచెయ్యంత అయ్యాయి. ఒకటి నిలువెల్లా నలుపు. రెండోది వెండి రంగు మీద నల్లచారలు. నల్లదానికి లాయరుగారనీ, చారలదానికి ఖైదీ అనీ అత్తయ్య పేర్లు పెట్టారు. ఖైదీ ఎటు పోతే లాయరుగారు అటే. కక్షిదారుని అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండే లాయరుని నేనింతవరకూ చూడలేదు. వీటిలో ఏది ఆడో ఏది మగో అమ్మినవాడికీ తెలీదు. గుడ్లు పెడితే తప్ప ఎవరూ చెప్పలేరట.

అత్తయ్య కుర్చీ తొట్టికి ఓ పక్కన ఉంటుంది. సోఫాలోంచి చూస్తే వెడల్పాటి ఆకుల మొక్క అడ్డం వస్తుంది కానీ, ఆ కుర్చీలోంచి చూస్తే వెనక మూలనున్న ఫిల్టరు గొట్టం దాకా అంతా కనబడుతుంది. ఆమె పదవీ విరమణ చేసేవరకూ ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ఉద్యోగం వదిలినా ఎర్ర పెన్సిలు వదల్లేదు. పొద్దున్నే పేపరు రాగానే మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివి, ఊడిపోయిన సున్నాకీ, తిరగబడ్డ ఒత్తుకీ చుట్టూ గుండ్రంగా గీస్తారు. మా ఇంటికి పేపరు తెల్లగా వస్తుంది, మధ్యాహ్నానికి ఎర్రబడుతుంది. అది చదవడం అనుకుంటే పొరపాటు. అది ఆమెకి ఇంకా ఉద్యోగం ఉన్నట్టు లెక్క.

గొడవ ఒక శనివారం మొదలైంది. లాయరుగారు ఉన్నట్టుండి రౌడీగా మారిపోయారు. నియాన్ పిల్లలన్నిటినీ ఒక మూలకి తరిమి, అక్కడే కూర్చోబెట్టినట్టు కాపలా. మునిసిపాలిటీ కాస్త పైకి లేస్తే చాలు, మీద పడటం. ఖైదీ కూడా తోడుదొంగ. అత్తయ్య అదంతా చూస్తూ, గొట్టం మీద ఏవో చుక్కలున్నాయిరా అన్నారు కొడుకుతో. ఆవగింజలో సగం కూడా ఉండవు, తేనె రంగులో, వరసలుగా ఉన్నాయన్నారు. మా ఆయన వంగి చూసి, పాచి అయి ఉంటుందన్నారు. పాచి ఆకుపచ్చగా ఉంటుంది కదా అని అత్తయ్య. మా ఆయన మళ్ళీ వంగారు. తల వెనక్కి లాగి, కళ్ళు చికిలించి చూశారు. అక్కడేమీ లేదన్నారు.

మామూలు ఇంట్లో అయితే అక్కడితో అయిపోయేది. మా ఆయన లోపలికి వెళ్ళి అక్షరాల చార్టు తెచ్చి వంటింటి తలుపుకి తగిలించారు. అత్తయ్య కుర్చీలోంచే అన్ని వరసలూ గడగడా చదివి, చివరి వరసలో ఒక అక్షరానికి తలకట్టు అచ్చులో సగం ఎగిరిపోయిందని చెప్పి, అట్టడుగున చీమ తల అంత అక్షరాలతో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివారు. నేను పోపు గింజల డబ్బా పట్టుకుని, తలుపు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నిలబడి ఉన్నాను. పరీక్ష పాసయ్యారని అనుకున్నాను. మా ఆయన ముఖం మాత్రం ఇంకా గంభీరమైంది.

"చూపు బాగానే ఉందమ్మా. లేనివి కూడా కనబడుతున్నాయి. సమస్య అదే."

పెద్ద వయసులో కంటిలోపల చిన్న చిన్న పోగులు తేలతాయట. అవి చుక్కల్లా కనబడతాయట. కంగారేమీ లేదట, కానీ శ్రమ పెట్టకూడదట. మర్నాడు ఆదివారం. నర్సు చేతికి బకెట్ ఇచ్చి డాక్టరుగారు తొట్టిలో చెయ్యి పెట్టి, గాజుతో పాటు గొట్టాన్ని కూడా పైనుంచి కింద దాకా రుద్దేశారు. రుద్దుతుండగా లాయరుగారు వచ్చి ఆయన వేలు కొరికారు. దానికి పళ్ళెక్కడివి, మహా అయితే గిల్లినట్టు ఉంటుంది. కానీ మా ఆయన ఆ వేలిని భోజనం దగ్గర కూడా విడిగా పెట్టుకుని తిన్నారు. తిండి పెట్టే చెయ్యిని కొరికిందన్న బాధ వేలికంటే ఎక్కువ.

కొన్నాళ్ళు అంతా సద్దుమణిగింది. మళ్ళీ అదే వరస. మళ్ళీ లాయరుగారి వీరంగం, మళ్ళీ అత్తయ్యకి చుక్కలు. ఈసారి నల్లది అక్కడే నిలబడి, పసివాడికి విసనకర్ర విసిరినట్టు రెక్కలతో గొట్టానికి విసురుతోందని కూడా చెప్పారు. అది కదులుతుంటే నీడలు పడతాయమ్మా అన్నారు మా ఆయన, జబ్బుమనిషితో మాట్లాడే గొంతుతో. ఆ గొంతు అత్తయ్యకి ఎక్కడో తగిలింది.

"చుక్కకీ నీడకీ తేడా తెలీకుండానే నాకు అన్నాళ్ళు జీతం ఇచ్చారట్రా?"

మర్నాడు మా ఆయన మళ్ళీ గొట్టం రుద్దారు. నేను విషయమేమిటో చూద్దామని చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి ఆ గొట్టం కొత్త పెళ్ళికూతురి గాజులా మెరుస్తోంది. నీళ్ళు తేరుకున్నాక చూస్తే నియాన్ గుంపులో ఒకటి తక్కువైంది. ఆ ఒక్కటీ ఏమైందో ఇప్పటికీ తెలీదు, లాయరుగారి పొట్టలోకి పోలేదని నేను ప్రమాణం చెయ్యలేను. మా ఆయన మాత్రం సాక్షులతో పని లేకుండానే తీర్పు చెప్పేశారు. చేపల షాపువాడికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం నల్లదాన్ని తెచ్చి ఇస్తాననీ, బదులుగా సాధువులాంటి చేపలేవైనా ఇమ్మనీ మాట్లాడేసుకున్నారు. అదే ఊపులో కంటి డాక్టరు దగ్గర అత్తయ్యకి సోమవారం టైము తీసుకున్నారు. అప్పటిదాకా చదువు బంద్ అన్నారు. పేపరు పొద్దున్నే చంకన పెట్టుకుని షాపుకి పట్టుకుపోవడం మొదలుపెట్టారు.

అత్తయ్య పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. ఎర్ర పెన్సిలు సొరుగులో పెట్టేసి, కుర్చీ వదిలేసి, తన గదిలో కిటికీ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. కరెంటు పోయిందా అత్తయ్యా అని అడిగినా, గ్యాసు మీద పాలు పొంగుతున్నాయేమో చూడండి అని అడిగినా ఒకటే జవాబు, నాకేం కనబడుతుందమ్మాయ్ అని. కొడుకు మీద కోపమైతే కొడుకుతో మాట్లాడటం మానెయ్యాలి కానీ, మధ్యలో నా పాలేం చేశాయి? నవ్వులాటకి అంటున్నాను గానీ, నాకు భయం వేసింది. పదిసార్లు చెబితే ఎవరైనా నమ్మేస్తారు. ఆమె నిజంగానే గోడ పట్టుకుని నడవడం చూశాను.

శనివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలవడానికి చోటు చూసుకుంటూ, ఖాళీగా ఉంది కదా అని అత్తయ్య కుర్చీలో కూర్చున్నాను. లాయరుగారు గొట్టం దగ్గర నిలబడి ఉన్నారు. పొట్ట గొట్టానికి ఆనించి, కింది నుంచి పైకి, మెల్లగా, గోడకి సున్నం పూసేవాడి చేతిలా ఒక గీత గీసుకుంటూ వెళ్ళారు. ఆ గీత వెంట తేనె రంగు పూసలు. వెనకే ఖైదీ అదే దారిలో పైదాకా వెళ్ళింది. లాయరుగారు మళ్ళీ కిందికి వచ్చి పక్కన ఇంకో వరస మొదలుపెట్టారు. ఒడిలో చిక్కుడుకాయలు ఎప్పుడు జారిపడ్డాయో నాకు తెలీదు.

అత్తయ్య గదిలోకి వెళ్ళి చెప్పాను, లాయరుగారు గుడ్లు పెట్టారని. అయితే లాయరమ్మన్నమాట, అన్నారు అత్తయ్య. నేను చెప్పలేదా అనలేదు. గుడ్ల వరసలు తిన్నగా ఉన్నాయా అని అడిగారు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"మూడో వరసలో రెండు చోట్ల ఖాళీలు వదిలింది. మొదటిసారి కంటే చాలా నయం."

మేం ఇద్దరం అక్కడే ఉండిపోయాం. గుడ్లు పెట్టడం అయ్యాక రెండూ చెరో పక్కన నిలబడి, అత్తయ్య చెప్పినట్టే రెక్కలతో విసరడం మొదలుపెట్టాయి. నియాన్ పిల్ల ఒకటి దొంగచూపులు చూస్తూ వస్తే లాయరమ్మ ఒక్క ఉరుకు ఉరికింది. అప్పుడు అర్థమైంది, రౌడీతనమంతా దేనికో. అప్పుడే ఇంకోటి కూడా అర్థమైంది. ఆ వేలు కొరకడంలో తప్పేమీ లేదు.

మా ఆయన షాపునుంచి రాగానే చెప్పేద్దామని నేను ఉబలాటపడితే అత్తయ్య ఆపారు. నేను చెబితే నా కళ్ళు కూడా పోయాయంటారట. అదీ నిజమే. నన్ను కూడా వంటింటి తలుపు ముందు నిలబెడతారు. మరేం చెయ్యాలి అని ఆలోచిస్తుంటే ఈ మధ్య మా ఆయన చేతులు పొడుగవుతున్న సంగతి గుర్తొచ్చింది. పేపరు చదవాలంటే ముఖానికి ఆమడ దూరం పట్టుకుంటారు. ఫోన్ వస్తే ఎవరో తెలుసుకోవడానికి చెయ్యి కిటికీ దాకా చాస్తారు. షాపులో భూతద్దం ఉంటుంది కనుక పని జరిగిపోతోంది. కళ్ళజోళ్ళు అమ్మేవాడికి కళ్ళజోడా అని నామోషీ. ఊళ్ళో అందరి కళ్ళూ చూసే మనిషికి తన కళ్ళు చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున్న బకెట్లు వచ్చాయి. వాటితో పాటు ఒక వల, లాయరమ్మని తీసుకెళ్ళడానికి మందపాటి ప్లాస్టిక్ సంచీ కూడా వచ్చాయి. నేను నర్సు స్థానంలో నిలబడి, పెద్దగా పట్టింపు లేనట్టు అన్నాను.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు అత్తయ్య కళ్ళజోడు ఒకసారి మీరే పెట్టుకుని చూడండి. తేడా దాన్లోనే ఉందేమో."

"నేను చేసిన కళ్ళజోడులో తేడానా?" అంటూ ఒంటికాలిమీద లేచారు. లేచినా, తల్లి దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు అడిగి తీసుకున్నారు. ముందు తుడిచారు. తర్వాత పెట్టుకుని, లెన్సు పరీక్షించడానికి బల్లమీది పేపరు అందుకున్నారు. అలవాటు ప్రకారం చెయ్యి చాచారు. కాసేపటికి ఆ చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చింది. పేపరు ముఖం దగ్గరికి వచ్చింది. పాత మంచాల అమ్మకం ప్రకటన ఒకటి, ఎవరూ అడక్కుండానే, ఫోన్ నంబరుతో సహా పైకి చదివారు. దాని కిందది కూడా చదివారు. పేజీ తిప్పారు. ఆకలిగొన్నవాడు విస్తరి ముందు కూర్చున్నట్టుంది వాలకం.

"అందులో ఏ తేడా లేదు" అన్నారు చివరికి. "బ్రహ్మాండంగా ఉంది." అని, కళ్ళజోడు తియ్యడం మరిచిపోయి స్పాంజి పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళారు.

వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు. స్పాంజిలోంచి నీళ్ళు కారి కాలి మీద పడుతున్నాయి, చూసుకోలేదు. లాయరమ్మ గాజు దాకా వచ్చి ఎదురుగా నిలబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను అత్తయ్య వంక చూశాను. అత్తయ్య కిటికీ వంక చూస్తున్నారు.

మా ఆయన నిటారుగా నిలబడి, స్పాంజి బకెట్లో వేసి, ఇవాళ నీళ్ళు మార్చడం లేదన్నారు. వల తీసుకెళ్ళి పెరట్లో పెట్టారు. చేపల షాపువాడికి ఫోన్ చేసి, ఆ చేప ప్రవర్తనలో మార్పు వచ్చిందని చెప్పారు. మార్పు ఎవరి ప్రవర్తనలో వచ్చిందో వాడు అడగలేదు. కంటి డాక్టరు దగ్గర సోమవారం టైము కూడా, ఎవరికీ చెప్పకుండా, రద్దయిపోయింది. సాయంత్రం షాపునుంచి సన్నటి ప్లాస్టిక్ పలక ఒకటి తెచ్చి, దానికి వరసగా రంధ్రాలు పెట్టి, తొట్టిని రెండు వాటాలు చేశారు. ఒక పక్క నియాన్ పిల్లలూ మునిసిపాలిటీ, ఇంకో పక్క బాలింత కుటుంబం. పని చాలా నాజూకుగా చేశారు, ఎంతైనా చెయ్యి తిరిగిన మనిషి. కానీ నోటి నుంచి రావలసిన మాట మాత్రం రాలేదు. మర్నాటి నుంచి తనకంటూ ఒక కళ్ళజోడు ముక్కు మీదకి వచ్చింది. అడిగితే కొత్త ఫ్రేము ఎలా ఉంటుందో చూస్తున్నానన్నారు.

పొద్దున్నే పేపరు షాపుకి వెళ్ళడం మానేసింది. అత్తయ్య కుర్చీ చేతిమీద మడతలు నలగకుండా దొరికేది. పక్కనే, సొరుగులోంచి తీసి, చెక్కి, మొన తేల్చిన ఎర్ర పెన్సిలు. అత్తయ్య కుర్చీలోకి తిరిగి వచ్చారు గానీ పేపరు మడత విప్పలేదు. చదవకూడదని చెప్పావు కదరా, కళ్ళకి శ్రమ అన్నారు. చెప్పినవాడే మాట వెనక్కి తీసుకోవాలి. మాటకి బదులు పెన్సిలు చెక్కిపెడితే సరిపోతుందా?

మంగళవారానికి గుడ్లలో కొన్ని తెల్లబడ్డాయి, మిగతావాటికి తోకలు వచ్చాయి. గొట్టాన్ని అంటిపెట్టుకునే, సన్నగా, అన్నీ కలిసి వణుకుతున్నట్టు ఊగడం. షాపుకి వెళ్ళబోతూ చూసిన మా ఆయన ఆరోజంతా షాపులో నిలవలేకపోయారట. పనివాడికి తాళాలు అప్పగించి సాయంత్రం కాకుండానే ఇంటికి వచ్చేశారు. చెప్పులు విప్పకుండా తొట్టి దగ్గరికి వెళ్ళారు.

గొట్టం ఖాళీ.

అటూ ఇటూ వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు. అడుగు ఇసకలో వెతికారు. తినేశాయా అని నన్ను అడిగారు. కొత్త జంటలు ఒక్కోసారి తమ గుడ్లు తామే తినేస్తాయని షాపువాడు చెప్పాడట. ఆ ముఖం చూస్తే నాకే జాలేసింది. కానీ జాలి వేరు, న్యాయం వేరు. నేను వంటింట్లో ఉన్నాను, మీ అమ్మగారు మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నారు, ఆమెనే అడగండి అన్నాను.

నిజానికి నాకూ తెలుసు. భోజనాలయ్యాక లాయరమ్మా ఖైదీ కలిసి, గొట్టం మీది పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని, వెడల్పాటి ఆకు వెనక్కి కాపురం మార్చాయి. ఒకటి జారిపోతే ఖైదీ కిందదాకా వెళ్ళి పట్టుకొచ్చింది. అత్తయ్య ఊపిరి బిగబట్టి చూసి, ఒక్కటీ పోలేదని నాకు చెప్పారు. ఆకు అవతలి వైపు ఉన్నాయి కనుక ఆ కుర్చీలోంచి తప్ప కనబడవు. ఆ కుర్చీలో అత్తయ్య ఉన్నారు.

మా ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. పిల్లలేమయ్యాయమ్మా అని అడిగారు.

"నాకేం కనబడుతుంది నాన్నా" అన్నారు అత్తయ్య. "నాకు లేనివే కనబడతాయి."

"అమ్మా."

"లేదురా. లేనివాటిని పట్టుకుని ఉన్నాయని చెబితే నువ్వు మళ్ళీ కంగారు పడతావు."

మా ఆయన తొట్టి వంక చూశారు. నా వంక చూశారు. నేను గరిటె వంక చూశాను. విప్పని పేపరు, మొన అరగని పెన్సిలు కుర్చీ చేతిమీద అలాగే ఉన్నాయి. ఆయన మెల్లగా కిందికి వంగి, కుర్చీ పక్కన నేలమీద చతికిలబడ్డారు. ఏదో గొణిగారు.

"ఏమన్నావ్?" అన్నారు అత్తయ్య. "గట్టిగా చెప్పు, అమ్మాయికి కూడా వినబడాలి."

మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదేనమ్మా. నీకు కనబడింది. నాకే కనబడలేదు."